బేస్‌బాల్ జోస్యము: గణితము చెప్పగలిగినది ఎంత?

ప్రతి సంవత్సరము తెలుగువారు ఉగాదినాడు పంచాంగశ్రవణము చేయు రోజులకు కొంచెము అటు ఇటుగా, మార్చి నెల చివరలో, అమెరికా దేశములో మరియొక రకపు రాశిఫలములు వెలువడును. రాబోవు బేస్‌బాల్ సీజనులో ఏ జట్టు తన విభాగములో మొదట నిలుచును, ఏది అట్టడుగున చేరును అని పత్రికలవారు, టెలివిజన్ వ్యాఖ్యాతలు, గణితజ్ఞులు, చివరకు క్షౌరశాలలో కూర్చున్న పెద్దమనుషులు కూడ వరుసలు వ్రాసి పెట్టుకొందురు. సెప్టెంబరు ఆఖరున ఆ వరుసలను తీసి చూచినచో పెక్కు తప్పియుండును. చెప్పినవారికి తెలివి చాలక తప్పినదా? లేక ఆ ప్రశ్నలోనే తప్పిపోవు గుణమేదైన ఉన్నదా? రెండవదే నిజమని సంఖ్యాశాస్త్రము చెప్పుచున్నది. అంతటితో ఊరకుండక, ఆ తప్పు ఏపాటి ఉండునో కూడ ముందుగానే లెక్కకట్టి చూపుచున్నది.

ఆట, పట్టిక

బేస్‌బాల్ క్రికెట్టుకు దూరపు బంధువు. ఒకడు బంతి విసరును, ఒకడు కఱ్ఱతో కొట్టును. కొట్టినవాడు చతురస్రపు మూలలయందున్న మజిలీలను వరుసగా చుట్టి బయలుదేరిన చోటికి తిరిగి చేరినచో జట్టునకు ఒక పరుగు వచ్చును. జట్టునకు తొమ్మండుగురు ఆటగాండ్రు, ఆటకు తొమ్మిది ఇన్నింగ్సులు. పరుగులు సమానమైనచో ఫలితము తేలువరకు అదనపు ఇన్నింగ్సులు ఆడుదురు. కనుక ప్రతి ఆటలోను ఒకరికి గెలుపు, ఒకరికి ఓటమి, మధ్యేమార్గము లేదు. క్రికెట్టులోని డ్రాలతో తల బద్దలు కొట్టుకొను గణితజ్ఞునికి ఇది పెద్ద వరము.

మేజర్ లీగులో మొత్తము 30 జట్లు కలవు. అవి అమెరికన్ లీగు, నేషనల్ లీగు అని రెండు పాయలు. ఒక్కొక్క లీగులో తూర్పు, మధ్య, పశ్చిమ అను మూడు విభాగములు, ఒక్కొక్క విభాగములో ఐదేసి జట్లు. ఈ అమరిక 2013 నుండి నడచుచున్నది. ప్రతి జట్టు సీజనులో 162 ఆటలాడును. అన్ని జట్ల ఆటలు కలిపి 2,430. విభాగములో మొదట నిలిచిన జట్టు తుది పోటీలకు నేరుగా అర్హత పొందును. కావున ఈ వరుస కేవలము గౌరవమునకు సంబంధించినది కాదు. వచ్చే ఏడు తమ జట్టు ఏ స్థానమున ఉండగలదను అంచనానుబట్టియే యజమానులు ఆటగాండ్రను కొందురు, లేదా వదలుకొందురు.

టెక్సాస్ కథ

2016 సీజను ముగియునప్పటికి అమెరికన్ లీగు పశ్చిమ విభాగములో టెక్సాస్ రేంజర్స్ జట్టు 95 ఆటలు గెలిచి ప్రథమస్థానము పొందినది. రెండవదియైన సియాటిల్ జట్టునకు 86 విజయములే. తొమ్మిది ఆటల తేడా చిన్నది కాదు. 2017కు జోస్యము చెప్పుమనినచో ఎవరైనను మరల టెక్సాస్ అనియే మొదట వ్రాయుదురు. కాని ఆ సంవత్సరము టెక్సాస్ గెలిచినవి 78 మాత్రమే. ఓటములు విజయములను మించిపోయినవి.

ఈ పతనమునకు సూచనలు 2016 లెక్కలలోనే దాగియున్నవి. చూడవలసినది విజయముల గడిని కాదు, పరుగుల గడిని. ఆ ఏడు టెక్సాస్ జట్టు చేసిన పరుగులు 765. ప్రత్యర్థులకు ఇచ్చినవి 757. అనగా 162 ఆటలలో తేడా కేవలము ఎనిమిది పరుగులు! ఇచ్చిపుచ్చుకొన్నవి ఇంత సమముగా ఉన్న జట్టు గెలుపు ఓటములయందును ఇంచుమించు సమముగనే ఉండవలెను గదా? మరి 95 విజయములు ఎట్లు వచ్చినవి? ఒక్క పరుగు తేడాతో తేలిన ఆటలు ఆ జట్టునకు ఆ ఏడు 47 తటస్థించగా, అందులో 36 గెలిచి 11 మాత్రమే ఓడిపోయినది. ఒక్క పరుగు అటో ఇటో పడుట చాలవరకు అదృష్టముమీద ఆధారపడిన సంగతి. గోటికి తగిలిన బంతి, గాలికి పక్కకు జరిగిన బంతి, ఒక్క అరక్షణపు ఆలస్యము ఇట్టి ఆటను తారుమారు చేయగలవు. ఈ భాగ్యము మరుసటి సంవత్సరమునకు మూటగట్టుకొనిపోవుటకు వీలైనది కాదు.

పరుగులనుండి విజయములను లెక్కకట్టు సూత్రమొకటి ఉన్నది. దానిని కనిపెట్టినవాడు బిల్ జేమ్స్. కాన్సస్ రాష్ట్రములో ఆహారపు డబ్బాల కర్మాగారమున రాత్రి కావలి కాయుచు, ఆ తీరికలో బేస్‌బాల్ అంకెలతో ఆడుకొనిన మనిషి ఇతడు. 1977 నుండి తన లెక్కలను చిన్న పుస్తకములుగా అచ్చువేయించెను. అతని సూత్రమిది: చేసిన పరుగుల వర్గమును, చేసిన పరుగుల వర్గము మరియు ఇచ్చిన పరుగుల వర్గముల మొత్తముతో భాగించినచో, గెలువవలసిన ఆటల నిష్పత్తి వచ్చును. వర్గముల మొత్తము కనబడుటచే దీనికి పైథాగరస్ సూత్రమను ముద్దుపేరు వచ్చినదేగాని, లంబకోణ త్రిభుజమునకును దీనికిని సంబంధము లేదు. తరువాతివారు వర్గమునకు బదులు 1.83వ ఘాతము తీసికొన్నచో ఇంకను సరిగా వచ్చునని చూపిరి. తరగతి గదిలో వర్గమే చాలును.

టెక్సాస్ లెక్క చేసి చూడుడు. 765 వర్గము 5,85,225. 757 వర్గము 5,73,049. రెండును కలిపిన 11,58,274. మొదటిదానిని ఈ మొత్తముతో భాగించిన 0.505 వచ్చును. దానిని 162తో గుణించినచో సుమారు 82. పరుగులు చెప్పుచున్న టెక్సాస్ బలము 82 విజయములే. పట్టికలో కనిపించిన మిగిలిన పదమూడును ఆ ఏటి కలిసిరాక అనవలెను.

బొమ్మా బొరుసా

అదృష్టమనగానే కొందరు విద్యార్థులకు అది లెక్కకు అందని వస్తువని తోచును. ఒక్క ఆటలో అది నిజమే. 162 ఆటలలో మాత్రము అదృష్టమునకు ఒక కొలత ఉన్నది. ఒక నాణెమును 162 సార్లు ఎగురవేసినచో బొమ్మ సగటున 81 సార్లు పడవలెను. ప్రతిసారి సరిగా 81 పడునని కాదు. ఆ సగటునుండి ఎంత అటు ఇటు జరుగునో చెప్పు ప్రామాణిక విచలనము ద్విపద విభాజనములో తేలికగా వచ్చును: 162ను ½తోను మరల ½తోను గుణించిన 40.5, దాని వర్గమూలము సుమారు 6.4. అనగా సరిసమాన బలము గల జట్టు మూడింట రెండు సీజన్లలో 75కును 87కును నడుమ నిలుచును. మూడవదానిలో ఆ హద్దులు కూడ దాటిపోవును. జట్టు అదే, ఆటగాండ్రు అవే, నేర్పు అదే. ఒక ఏడు 75, మరియొక ఏడు 87! మొదటిదానికి శిక్షకుని తొలగింతురు, రెండవదానికి అతని జీతము పెంచుదురు.

దీనిని తరగతిలో చేసి చూపుట సులభము. ఐదుగురు విద్యార్థులకు ఐదు నాణెములిచ్చి, ఒక్కొక్కరిచేత 162 సార్లు ఎగురవేయించి, బొమ్మ పడినప్పుడు గెలుపుగా గుర్తింపజేయవలెను. ఐదు నాణెములును సమానమే. అయినను సీజను ముగియునప్పటికి ఒక విభాగపు పట్టిక తయారగును. ఇట్టి ప్రయోగమును పలుమారు చేసినచో సగటున మొదటి నాణెమునకు 88 గెలుపులు, చివరి నాణెమునకు 74 వచ్చునని సిద్ధాంతము చెప్పును. నడుమ తేడా పద్నాలుగు పదిహేను ఆటలు! ఆ పట్టికను చూచినవాడు మొదటి నాణెము ఘనమైనదనియు, చివరిది పనికిమాలినదనియు తప్పక అనుకొనును. వెంటనే రెండవ సీజను ఆడించినచో మొదటి నాణెమునకు మరల ప్రథమస్థానము వచ్చు అవకాశము ఐదింట ఒకటి మాత్రమే.

నిజమైన జట్లు సమానబలము గలవి కావు. వాటి విజయముల ప్రామాణిక విచలనము సీజనునుబట్టి మారుచుండును; 12 అని తీసికొన్నచో మిక్కిలి తప్పు కాదు. ఇందులో నేర్పు ఎంత, అదృష్టమెంత? ఒకదానితో ఒకటి సంబంధము లేని రెండు కారణములు కలిసినప్పుడు విచలనములు కలియవు, వాటి వర్గములు కలియును. పైథాగరస్ నిజముగా వచ్చుట ఇచ్చటనే. 12 వర్గము 144. అందులో అదృష్టపు వర్గము సుమారు 40 తీసివేసిన 104. దాని వర్గమూలము పదికి కొంచెము ఎక్కువ. కావున పట్టికలో కనబడు వైవిధ్యములో నూటికి ఇరువది యెనిమిది పాళ్ళు కేవలము బొమ్మా బొరుసా ఆట.

మధ్యమునకు మరలుట

1886లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అను శాస్త్రజ్ఞుడు తలిదండ్రుల ఎత్తును, బిడ్డల ఎత్తును పోల్చి ఒక సంగతి ప్రకటించెను. మిక్కిలి పొడవైన తలిదండ్రుల బిడ్డలు పొడవుగానే ఉందురు, కాని తలిదండ్రులంత కాదు. మిక్కిలి పొట్టివారి బిడ్డలు పొట్టిగానే ఉందురు, కాని అంత పొట్టి కాదు. రెండు వైపులవారును సగటు దిక్కునకు కొంత మరలుదురు. దీనినే ప్రతిగమనము అందురు. ఇందులో ఏ బలమును లాగుచుండలేదు. శిఖరమునకు చేరినవారిలో నేర్పుతోపాటు అదృష్టము కూడ కలిసివచ్చినవారే ఎక్కువ. రెండవసారి నేర్పు నిలుచును, అదృష్టము నిలువదు.

సియాటిల్ జట్టు 2001లో 116 ఆటలు గెలిచినది. మరుసటి సంవత్సరము 93. ఇది మంచి సంఖ్యయే. కాని ఆ విభాగములో మూడవ స్థానమే దక్కినది. 2024లో షికాగో వైట్ సాక్స్ జట్టు 41 గెలిచి 121 ఓడిపోయి అపకీర్తి పొందినది; 2025లో 60 గెలిచినది.

ప్రతిగమనపు బలమును చక్కగా చూపిన వ్యాసము బ్రాడ్లీ ఎఫ్రన్, కార్ల్ మారిస్ అను సంఖ్యాశాస్త్రజ్ఞులది. వారు 1970 సీజనులో పదునెనిమిదిమంది ఆటగాండ్రు తొలి 45 పర్యాయములలో బంతిని ఎన్నిసార్లు చక్కగా కొట్టిరో తీసికొని, మిగిలిన సీజనులో వారి సగటులు ఎట్లుండునో ఊహింపజూచిరి. రొబర్టో క్లెమెంటే 45లో 18 కొట్టి 0.400తో అందరికంటె ముందున్నాడు. థర్మన్ మన్సన్ 8 మాత్రమే కొట్టి 0.178తో అడుగున ఉన్నాడు. అందరి సగటు 0.265. వ్యక్తి తేడాలో అయిదింట ఒక వంతును మాత్రమే నిలుపుకొని, మిగిలినదానిని సగటునకు లాగివేయవలెనని లెక్క తేలినది. ఆ లెక్కన క్లెమెంటేకు 0.294, మన్సన్‌కు 0.247. తుదకు క్లెమెంటే 0.346, మన్సన్ 0.316 సాధించిరి. ఈ ఇద్దరి విషయములోను లెక్క సరిగా కలియలేదని విద్యార్థి అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. క్లెమెంటేకు మొదటి 0.400 కన్న 0.294 ఏమంత దగ్గర కాదు, ఇంచుమించు అంతే దూరము. కాని పదునెనిమిదిమందికి వచ్చిన దోషముల వర్గములన్నియు కూడి చూచినప్పుడు, తొలి సగటులను ఉన్నవి ఉన్నట్లు నమ్మినదానిలో మూడవ వంతుకంటె తక్కువ దోషమే మిగిలినది. ఒక్కొక్కరికి ఏది మేలు అనునది వేరు, అందరికి కలిపి ఏది మేలు అనునది వేరు. 1950లలో చార్లెస్ స్టీన్ ఈ ఫలితమును గణితముగా నిరూపించినప్పుడు చాలమంది నమ్మలేకపోయిరి.

ఈ చర్చలో తెలుగువారి వంతు కూడ కలదు. పక్షపాతము లేని అంచనాలలో దోషము ఏ హద్దునకు దిగువ పోజాలదో 1945లో కలకత్తాలో నిరూపించి ప్రచురించినవారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. స్టీన్ చేసినదేమనగా, ఆ పక్షపాతరాహిత్యమనెడి నియమమును కొంచెము సడలించి, మొత్తము దోషమును ఆ హద్దునకు దిగువకు దించుట.

పాత పట్టికతో కొత్త పట్టిక

ఇప్పుడు టెక్సాస్ విభాగమునకు మరలి రావచ్చును. 2016 పట్టిక చేతనుండగా 2017 పట్టికను ఊహించుటకు ఒక మోటు విధానము: మొదట పరుగులనుండి విజయములను లెక్కకట్టవలెను, తరువాత ఆ సంఖ్యకును 81కిని సరిగా నడుమనున్న సంఖ్యను తీసికొనవలెను. అదృష్టపు పాలు నూటికి ఇరువది యెనిమిదే అయినను, ఏడాదిలో ఆటగాండ్రు మారుదురు, ముసలివారగుదురు, గాయపడుదురు. కనుక సగము లాగుట సబబు. క్రింది వరుసలో మొదటిది 2016లో గెలిచినవి, రెండవది పరుగుల లెక్క, మూడవది జోస్యము, నాలుగవది 2017లో నిజముగా గెలిచినవి.

టెక్సాస్: 95, 82, 81.5, 78
సియాటిల్: 86, 88, 84.5, 78
హ్యూస్టన్: 84, 84, 82.5, 101
లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్: 74, 80, 80.5, 80
ఓక్లండ్: 69, 69, 75, 75

పాత సంఖ్యలే మరల వచ్చునని చెప్పినవాని తప్పులు వరుసగా 17, 8, 17, 6, 6, మొత్తము 54. ఈ మోటు విధానపు తప్పులు మూడున్నర, ఆరున్నర, పదునెనిమిదిన్నర, అర, సున్న, మొత్తము 29. దోషము ఇంచుమించు సగమునకు దిగినది. ఒక్క విభాగము, ఒక్క ఏడు చూపినంతమాత్రమున సూత్రము నిరూపితము కాదు. ఈ ఉదాహరణము కథ చెప్పుటకు అనుకూలముగా ఎన్నుకొన్నదే. ఉపాధ్యాయులు ఇతర విభాగములను తీసికొని విద్యార్థులచేత చేయించినచో ఒక్కొక్కసారి ఎదురుదెబ్బ కూడ తగులును. తగులనిండు.

అసలు గమనింపదగినది మరియొకటి. విజయముల సంఖ్యలో ఇంత మేలు కలిగినను, స్థానముల వరుస మాత్రము తప్పినది. జోస్యము ప్రకారము సియాటిల్ మొదటిది, హ్యూస్టన్ రెండవది కావలెను. జరిగినదేమి? హ్యూస్టన్ మొదటిది, ఏంజెల్స్ రెండవది. సియాటిల్, టెక్సాస్ సరిసమానము. హ్యూస్టన్ ఎగబ్రాకుట పరుగుల లెక్కలో లేదు. ఆ జట్టు యువకులు ఒక్కసారిగా పక్వమునకు వచ్చిరి. అందులో జోసే అల్టూవే ఆ ఏటి అమెరికన్ లీగు ఉత్తమ ఆటగాడుగా ఎన్నికయ్యెను. మరియొక సంగతియు కలదు. ప్రత్యర్థుల సంకేతములను ఆ జట్టు 2017లో కెమెరా సాయముతో దొంగచాటుగా చదివినదని లీగు జరిపిన విచారణలో తేలి, 2020 జనవరిలో శిక్షలు విధింపబడినవి. 101లో దాని పాలు ఎంతో పరుగుల సూత్రము చెప్పజాలదు. సూత్రమునకు తెలిసినది పరుగు వచ్చినదా లేదా అనునంతవరకే. ఎట్లు వచ్చినదో కాదు.

వరుస ఎందుకు తప్పును?

ఐదు జట్లను వరుసలో పెట్టు విధములు 120. కన్నులు మూసికొని చెప్పినవాడు సరిగా చెప్పుటకు 120లో ఒక్క అవకాశము. జట్ల బలాబలములు సంపూర్ణముగా తెలిసిన సర్వజ్ఞుడు ఒకడున్నాడని అనుకొన్నను, అతనికి కూడ వరుస తప్పుచుండును. ఒక జట్టు మరియొకదానికంటె నిజముగా ఐదు విజయముల మేర బలమైనది అనుకొనుడు. ఒక్కొక్కదానికి అదృష్టపు విచలనము 6.4. రెండింటి తేడాకు విచలనము దానికి రెండు వర్గమూలము రెట్లు, అనగా తొమ్మిది. ఐదు విజయముల ఆధిక్యము తొమ్మిది విజయముల అలలమీద తేలవలెను. సామాన్య విభాజన పట్టికనుబట్టి చూచినచో బలమైన జట్టు ముందు నిలుచుట పదింట ఏడుసార్లు. మిగిలిన మూడుసార్లు బలహీనమైనదే పైనుండును. విభాగములో ఇట్టి పోటీదారులు ఇద్దరు ముగ్గురున్నచో ప్రథమస్థానపు జోస్యము ఇంకను బలహీనపడును.

అందుచేత నేటి జోస్యకారులు జట్టును వదలి ఆటగానిని పట్టుకొందురు. టామ్ టాంగో అనునతడు తయారుచేసిన ఒక పద్ధతికి మార్సెల్ అని పేరు. ఒక టెలివిజన్ నాటకములోని కోతిపిల్ల పేరది. కోతి కూడ చేయగలిగినంత సులభమైన లెక్క అని భావము. గడచిన మూడేండ్ల ఫలితములకు కొత్తదానినుండి పాతదానికి 5, 4, 3 చొప్పున బరువులిచ్చి, సగటు దిక్కునకు కొంత లాగి, వయస్సునుబట్టి కొంచెము సవరింతురు. అంతే. మిక్కిలి ఘనమైన పద్ధతులు ఈ కోతిలెక్కను మించుట అంత పెద్దగా జరుగలేదు. ఇట్లు ఆటగాండ్రనుండి జట్టు పరుగులను, పరుగులనుండి బలమును కూర్చి, గణకయంత్రముచేత రాబోవు సీజనునంతటిని యాదృచ్ఛిక సంఖ్యలతో వేలకొలది పర్యాయములు ఆడింతురు. అందులో ఏ జట్టు ఎన్నిసార్లు మొదట వచ్చినదో లెక్కించి, ప్రథమస్థానమునకు దాని సంభావ్యత నూటికి నలుబది అనో, అయిదు అనో ప్రకటింతురు. నూటికి అయిదు అని చెప్పబడిన జట్టు గెలిచినంతమాత్రమున ఆ జోస్యము తప్పినట్లు కాదు. అట్టివి ఇరువది ఉన్నచో ఒకటి గెలువనే వలెను. ఏదియు ఎన్నడును గెలువనిచోనే అనుమానింపవలెను.

నేషనల్ లీగు పశ్చిమ విభాగములో 2021లో ఇట్టిదే జరిగినది. ఆ సీజనుకు ముందు జోస్యకారులందరి చూపును లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్, సాన్ డియేగో జట్లమీదనే ఉండెను. కోవిడ్ వ్యాధివలన 60 ఆటలకు కుదింపబడిన 2020 సీజనులో 29 గెలిచి 31 ఓడిన సాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టును మొదటి స్థానమున వ్రాసినవారు అరుదు. ఆ జట్టు 107 గెలిచినది. తన దీర్ఘచరిత్రలో ఎన్నడును అన్ని గెలిచి యెరుగదు. డాడ్జర్స్ 106 గెలిచియు, ఒక్క ఆట తక్కువైనందున రెండవ స్థానములో నిలిచి, ఒకే ఆటతో తేలిపోవు అర్హత పోటీ ఆడవలసివచ్చినది. ఆ శీతకాలమున జెయింట్స్ జట్టులోని పేరుమోసిన ఆటగాడు బస్టర్ పోజీ విరమించుకొనెను. 2022లో డాడ్జర్స్ 111 గెలిచినది. అదే శిక్షకునితో ఆడిన జెయింట్స్ 81 గెలిచి 81 ఓడినది.